ఆరుగురికి చలిజ్వరం, అందరికీ ఒకే బ్యాచ్: గుంటూరు ఆసుపత్రిలో కలుషిత ఇంజెక్షన్ కేసు

నేను క్లినికల్ మైక్రోబయాలజిస్ట్‌ని. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌తో పాటు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పని కూడా చూస్తాను. పేషెంట్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. మందు కంపెనీ పేరు, డిస్ట్రిబ్యూటర్ పేరు రాయడం లేదు. మా దగ్గర జరిగింది రేపు ఏ కొత్తపేట నర్సింగ్ హోమ్‌లోనైనా, ఏ విజయవాడ ఆసుపత్రిలోనైనా జరగవచ్చు. అది ఎలా బయటపడిందో తెలిస్తే ఇంకొకరికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నాసిరకం మందు అనగానే ఇప్పుడు అందరికీ దగ్గు సిరప్ గుర్తొస్తుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో పసిపిల్లల ప్రాణాలు తీసిన సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉన్నట్టు తేలింది. ఉండదగిన పరిమితి 0.1 శాతం. అక్కడ ఒకే వయసు పిల్లలకు వరసగా కిడ్నీలు ఆగిపోవడంతో అనుమానం వచ్చింది. ఇంజెక్షన్ విషయంలో అలా కాదు. ఇంజెక్షన్ ఎక్కాక వణుకు వస్తే మన దగ్గర కారణం సిద్ధంగా ఉంటుంది: "సెలైన్ పడలేదు." ఎవిల్ అనే అలర్జీ మందు ఇస్తారు, సెలైన్ మారుస్తారు, ఖాళీ ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందు నింపి మూసిన చిన్న గాజు సీసా) చెత్తలోకి పోతుంది. అంతటితో ఆ మందు మీద విచారణ అయిపోయినట్టే.

మొదటి ఇద్దరు

ఏప్రిల్ చివరి వారం. 34 ఏళ్ల మహిళ, తెనాలి దగ్గర పల్లె. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు లాప్రోస్కోపిక్ ఆపరేషన్ అయి రెండో రోజు. లేచి నడుస్తోంది, ఇడ్లీ తింది, మర్నాడు డిశ్చార్జి. సాయంత్రం ఆరింటికి మామూలు డోసులు పడ్డాయి: యాంటీబయాటిక్, ఎసిడిటీకి పాంటప్రజోల్, వాంతులు రాకుండా ఒండాన్‌సెట్రాన్. ఏడు కాకముందే వణుకు మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోతోంది. జ్వరం 103, నాడి 130, బీపీ 90/60.

డ్యూటీ డాక్టర్ సెలైన్ ఆపి, ఎవిల్, హైడ్రోకార్టిసోన్, పారాసిటమాల్ ఇచ్చారు. దాంతో పాటు రెండు చేతుల నుంచీ బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) రెండు సీసాల్లో రక్తం తీసి పంపారు. ఈ కేసు మొత్తం ఆ రెండు సీసాల మీద నిలబడింది. చాలాచోట్ల కల్చర్ తీయరు. తీసినా ముందు పెద్ద యాంటీబయాటిక్ ఇచ్చేసి, ఆ తర్వాత తీస్తారు.

నేను వార్డుకు వెళ్లేసరికి ఆమె భర్త గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "పొద్దున్నదాకా బాగానే ఉంది మేడమ్. ఆ సాయంత్రం సూదులు వేశాకే ఇట్టా అయింది. మా వాళ్లేమో తనకి సెలైన్ పడలేదంటున్నారు. ఇంతకుముందు రెండు కాన్పులప్పుడు ఎక్కించారు, అప్పుడేం కాలేదు కదా?" అన్నాడు. అతను అడిగిన దాంట్లో న్యాయం ఉంది. ఆ ప్రశ్న మేమే వేసుకోవాల్సింది.

నాలుగు రోజుల తర్వాత వేరే ఫ్లోర్‌లో, నరసరావుపేట వైపు నుంచి వచ్చిన 61 ఏళ్ల రైతుకు అచ్చం ఇలాగే జరిగింది. తుంటి ఎముక ఆపరేషన్ అయింది. వేరే సర్జన్, వేరే థియేటర్, వేరే సిస్టర్లు.

ల్యాబ్‌లో

మొదటి కల్చర్ మర్నాటికే పాజిటివ్ అయింది. గ్రామ్ నెగటివ్ అనే తరగతికి చెందిన కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా, లాక్టోజ్‌ను పులియబెట్టని రకం, ఆక్సిడేజ్ పాజిటివ్. టెక్నీషియన్ 'సూడోమొనాస్ జాతి' అని ప్రాథమికంగా రాశాడు. చిన్న ల్యాబుల్లో రిపోర్టు ఇక్కడే ఆగిపోతుంది. ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో చూపే సెన్సిటివిటీ ప్లేటు చూస్తే లెక్క కుదరలేదు. కొలిస్టిన్‌కు, జెంటమైసిన్‌కు, అమికాసిన్‌కు అసలు లొంగలేదు. సెఫ్టాజిడైమ్‌కు, కోట్రైమాక్సజోల్‌కు మాత్రం చక్కగా లొంగింది. ఆసుపత్రిలో ముదిరిన సూడోమొనాస్ ఏరుగినోసా మామూలుగా దీనికి తలకిందులుగా ఉంటుంది: సెఫ్టాజిడైమ్‌కు లొంగదు, కొలిస్టిన్‌కు లొంగుతుంది. ఆటోమేటెడ్ యంత్రంలో పెడితే బర్ఖోల్డేరియా సెపేసియా కాంప్లెక్స్ అని వచ్చింది. రైతు రక్తంలోనూ అదే, అదే సెన్సిటివిటీతో.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో, మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర బతుకుతుంది. తిండి దాదాపు లేకపోయినా నీళ్లలో పెరగగలదు. క్రిములను చంపే యాంటీసెప్టిక్ ద్రావణాల్లో, మందు పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్‌లలో కూడా బతికిన సందర్భాలు వైద్య సాహిత్యంలో చాలా ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోకి అది దానంతట అది రాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (పుట్టుకతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) లాంటిది లేని ఇద్దరు పేషెంట్ల రక్తంలో ఒకే వారంలో కనిపించిందంటే ఏదో ద్రవం దాన్ని మోసుకొచ్చిందని అర్థం.

వైద్యం వెంటనే మార్చాం. అప్పటిదాకా ఇస్తున్న పైపరాసిలిన్-టాజోబాక్టం, అమికాసిన్ ఆపి సెఫ్టాజిడైమ్ మొదలుపెట్టి, నరంలో పెట్టిన పాత క్యాన్యులా గొట్టాలు తీసేశాం. పేరు సరిగ్గా తేలకపోతే జరిగే నష్టం ఇక్కడే. పరిస్థితి దిగజారిన పేషెంట్‌కు ఎవరైనా ఆఖరి ఆయుధమని కొలిస్టిన్ ఎక్కిస్తారు. ఈ బ్యాక్టీరియా మీద అది పుట్టుకతోనే పనిచేయదు.

ఏ ద్రవం?

గత నెల ల్యాబ్ రిజిస్టర్ తిరగేస్తే 'సూడోమొనాస్ జాతి' అని రాసి వదిలేసిన ఇద్దరు దొరికారు. వెతుకుతుండగానే ఇంకో ఇద్దరికి వచ్చింది. మొత్తం ఆరుగురు. అందరికీ ఇంజెక్షన్ పడిన అరగంట నుంచి గంటన్నర లోపే వణుకు.

ముందు మమ్మల్ని మేమే అనుమానించుకున్నాం. ఇలాంటి ఇన్‌ఫెక్షన్లలో చాలావరకు మందు ఫ్యాక్టరీ నుంచి బాగానే వస్తుంది, వార్డులోనే చెడుతుంది. ఒక వార్డులో సెలైన్ సీసాకు సూది గుచ్చి అలాగే వదిలేసి, పొడి ఇంజెక్షన్లన్నీ కలపడానికి రోజంతా దాంట్లోంచే తీస్తున్నారు. ఈ అలవాటు మన ఊళ్లలో ఎంత మామూలైపోయిందో ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు తెలుసు. ఆ సీసా, స్పిరిట్ దూది డబ్బా, పోవిడోన్ అయొడిన్, వార్డు కుళాయి నీళ్లు, ఇంజెక్షన్ ట్రే, అన్నీ కల్చర్‌కు పెట్టాం. ఎక్కడా బర్ఖోల్డేరియా లేదు. సూది గుచ్చిన సీసాలను మాత్రం ఆ రోజే తీయించేశాం.

తర్వాత ఆరుగురికీ వణుకుకు ముందు ఆరు గంటల్లో ఏమేం ఎక్కిందో పట్టిక గీశాం. ఇక్కడ గోడ అడ్డొచ్చింది. కేస్ షీట్‌లో మందు పేరు, డోసు, సమయం, సిస్టర్ సంతకం ఉంటాయి. బ్యాచ్ నంబర్ ఉండదు. ఏ ఆసుపత్రి కేస్ షీట్ తీసినా దాదాపు ఇంతే. బ్యాచ్ తెలియకుండా మందును అనుమానించడం వరకే చేయగలం, నిరూపించలేం.

మాకు దారి చూపించింది మొదటి పేషెంట్ భర్త. చిట్టీ పాడి తెచ్చిన డబ్బు కాబట్టి ప్రతి రూపాయికీ లెక్క ఉండాలని, బట్టల షాపు క్యారీబ్యాగులో ప్రతి మందుల బిల్లూ దాచుకున్నాడు. బిల్లులు వెలిసిపోకుండా మడత విప్పి, తేదీల వారీగా పిన్ను కొట్టి పెట్టాడు. ఫార్మసీ బిల్లు మీద మందు పేరు పక్కన చిన్న అక్షరాల్లో బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ ప్రింటవుతాయి. వాటిని ఎవరూ చదవరు. మేం బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ చదివాం. తక్కినవాళ్ల బిల్లులను ఫార్మసీ సాఫ్ట్‌వేర్ నుంచి తీయించాం. ఆరోగ్యశ్రీ కింద చేరిన ఇద్దరికి బిల్లే లేదు. వాళ్లకు వార్డు స్టాక్ నుంచి ఇచ్చారు కాబట్టి స్టోర్స్ ఇష్యూ రిజిస్టర్ పట్టుకుని ఏ రోజు ఏ బ్యాచ్ ఆ వార్డుకు వెళ్లిందో రాబట్టాం.

సెలైన్ మూడు కంపెనీలది, బ్యాచ్‌లు కలవలేదు. యాంటీబయాటిక్స్ వేర్వేరు. పాంటప్రజోల్ ఐదుగురికి ఇచ్చారు, అది కూడా వేర్వేరు బ్యాచ్‌లు. ఒండాన్‌సెట్రాన్ మాత్రం ఆరుగురికీ ఇచ్చారు. ఆరుగురిదీ ఒకే బ్యాచ్.

సర్జన్ గారు ఒప్పుకోలేదు. "ఆ బ్యాచ్ నా పేషెంట్లు ఎంతోమందికి పడింది. వాళ్లకేం కాలేదు కదా?" అన్నారు. మంచి ప్రశ్న. జవాబు మాకు కల్చర్‌లో దొరికింది.

తెరవని ఆంప్యూళ్లు

తెరిచిన ఆంప్యూల్‌లో బ్యాక్టీరియా దొరికితే అది మా చేతుల నుంచే వచ్చిందనవచ్చు. అందుకని సీలు చెదరని ఆంప్యూళ్లు తీసుకున్నాం. బయోసేఫ్టీ క్యాబినెట్‌లో, మెడ భాగాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చి, స్టెరైల్ గాజుగుడ్డతో పట్టుకుని విరిచి, లోపలి ద్రవాన్ని బ్రాత్‌లో (బ్యాక్టీరియా పెరిగే పోషక ద్రవం) వేశాం. అనుమానించిన బ్యాచ్‌వి 20, అదే మందు వేరే బ్యాచ్‌వి 20, మా చేతుల వల్ల కలుషితం కాలేదని నిర్ధారించుకోవడానికి స్టెరైల్ వాటర్ ఆంప్యూళ్లు కొన్ని. అనుమానించిన బ్యాచ్‌లో మూడింట్లో బర్ఖోల్డేరియా పెరిగింది, పేషెంట్ల రక్తంలో దొరికిన అదే సెన్సిటివిటీతో. మిగతా వేటిలోనూ ఏమీ పెరగలేదు.

పెరిగిన మూడు ఆంప్యూళ్లనూ తెరవకముందు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. నీళ్లలా తేటగా ఉన్నాయి. ఒక మిల్లీలీటరులో లక్షల సంఖ్యలో బ్యాక్టీరియా ఉన్నా ద్రవం కంటికి మబ్బుగా కనిపించకపోవచ్చు. 'మందు చూసి వేయండి' అని సిస్టర్లకు చెప్పడం అవసరమే గానీ, ఇలాంటి కాలుష్యాన్ని చూపు పట్టుకోలేదు.

అన్ని ఆంప్యూళ్లూ చెడలేదు కాబట్టే అందరికీ జ్వరం రాలేదు. ఫ్యాక్టరీ స్టెరిలిటీ పరీక్ష దీన్ని ఎందుకు వదిలేసిందన్నది తర్వాతి ప్రశ్న. ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) ప్రకారం ఆ పరీక్ష బ్యాక్టీరియాను పెంచే రెండు రకాల పోషక ద్రవాల్లో 14 రోజులు సాగుతుంది, పద్ధతిలో లోపం లేదు. కానీ పెద్ద బ్యాచ్ నుంచి సాధారణంగా 20 శాంపిల్స్ తీస్తారు. వందకు ఒక ఆంప్యూల్ చెడిన బ్యాచ్‌లో, 20 తీస్తే కనీసం ఒక చెడ్డది దొరికే అవకాశం 18 శాతమే. అంటే ఐదుసార్లలో నాలుగుసార్లు ఆ బ్యాచ్ పాసైపోతుంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చెప్పినట్టు ఇక్కడ కుదరదు. కాబట్టి ఇంజెక్షన్ నాణ్యతను ఆఖరి పరీక్ష ఇవ్వలేదు. నీటి శుద్ధి, 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపడం), సీలింగ్, ఇవన్నీ ప్రతిసారీ సరిగ్గా జరిగితేనే అది వస్తుంది.

ఆంప్యూల్‌లోకి బ్యాక్టీరియా వెళ్లే దారుల్లో ఒకటి చెబుతాను. గాజు మూతి కరిగించి మూసినప్పుడు కంటికి కనపడని సన్నటి రంధ్రం మిగిలితే, ఆటోక్లేవ్ తర్వాత చల్లారేటప్పుడు ఆంప్యూల్ లోపల వాక్యూమ్ ఏర్పడి చల్లార్చే నీళ్లను లోపలికి లాగుతుంది. ఆ నీళ్లు శుభ్రంగా లేకపోతే, స్టెరిలైజ్ అయిన మందు స్టెరిలైజ్ అయ్యాకే చెడుతుంది. దీన్ని పట్టుకోవడానికే రంగునీళ్లలో లీక్ టెస్ట్ చేస్తారు. మా బ్యాచ్‌లో జరిగింది ఇదేనని నేను చెప్పలేను, ఆ ఫ్యాక్టరీ నేను చూడలేదు. అక్కడక్కడా కొన్ని ఆంప్యూళ్లే చెడిన తీరు మాత్రం దీనికి సరిపోతుంది.

డాక్టర్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా మందు మంచిదని తేలినట్టు కాదు. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా చచ్చినా దాని గోడలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం మామూలు ఆటోక్లేవ్ వేడికి నాశనం కాదు. స్టెరైల్ సెలైన్ కూడా వణుకు తెప్పించగలదు. దానికి వేరే పరీక్ష చేయాలి.

సరుకు వాపసు

ఈ కేసులో నాకు ఇప్పటికీ కోపం తెప్పించే భాగం ఇది. ఒండాన్‌సెట్రాన్ మీద అనుమానం ఉందని మీటింగ్‌లో చెప్పిన రాత్రే, స్టోర్స్‌లో మిగిలిన పెట్టెలను డిస్ట్రిబ్యూటర్‌కు వాపసు పంపి క్రెడిట్ నోట్ రాయించుకున్నారు. దురుద్దేశం లేదు. 'సరుకు బాలేదు, మార్చుకుందాం' అన్న రోజువారీ ఆలోచనే. పరీక్షకని నేను ల్యాబ్‌లో దాచినవి, వార్డు ట్రేలలో మిగిలినవి తప్ప మా దగ్గర ఏమీ లేకుండా పోయాయి. వాపసు వెళ్లిన పెట్టె మీద 'చెడ్డది' అని ఎవరూ రాయరు. అది మళ్లీ అల్మారా ఎక్కుతుంది. సత్తెనపల్లిలోనో, పొన్నూరులోనో పది పడకల నర్సింగ్ హోమ్‌కు వెళ్తుంది. అక్కడ కల్చర్ తీసే సదుపాయం ఉండదు.

యాజమాన్యం భయం వేరు. "డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ను పిలిస్తే కేసు మన మీదే పడుతుంది డాక్టర్ గారూ" అన్నారు. ఈ భయం చాలా ఆసుపత్రుల నోరు నొక్కేస్తోంది కాబట్టి చట్టం ఏం చెబుతోందో రాస్తాను. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, సెక్షన్ 19(3) ప్రకారం, లైసెన్సున్న డీలర్ దగ్గర బిల్లుతో కొని, సరిగ్గా నిల్వ చేసి, కొన్నది కొన్నట్టే ఉంచిన అమ్మకందారుకు లోపం గురించి తెలియకపోతే, తెలిసే వీలూ లేకపోతే రక్షణ ఉంది. తెలిశాక కూడా వాడినా, దాచినా, వాపసు పంపి చేతులు దులుపుకున్నా ఆ రక్షణ ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

చివరికి ఫిర్యాదు వెళ్లింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి, మిగిలిన స్టాక్ కదల్చకూడదని ఫారం 15 ఇచ్చి, ఫారం 17తో శాంపిల్ తీసుకున్నారు. చట్టప్రకారం శాంపిల్‌ను భాగాలు చేసి సీలు వేస్తారు: అమ్మినవారికి ఒకటి, ప్రభుత్వ అనలిస్ట్‌కు ఒకటి, కోర్టుకు ఒకటి, తయారీదారుకు ఒకటి. మా ల్యాబ్ రిపోర్టుకు ఈ దారిలో విలువ లేదు, అది అనుమానానికి ఆధారం మాత్రమే. సీలున్న ఆంప్యూళ్లు సరిపడా మిగలకపోతే అనలిస్ట్ స్టెరిలిటీ పరీక్ష చేయలేరు. ల్యాబ్‌లో దాచినవి, ట్రేలలోవి కలిపితే అతి కష్టం మీద సరిపోయాయి. ప్రభుత్వ రిపోర్టు వచ్చేసరికి వారాలు పట్టింది: స్టెరిలిటీలో ఫెయిల్, ప్రమాణాలకు తగిన నాణ్యత లేదు. ఆ వారాలన్నీ వాపసు వెళ్లిన పెట్టెలు ఎక్కడున్నాయన్నదే నా టెన్షన్. డిస్ట్రిబ్యూటర్ పుస్తకాలు చూసి ఇన్‌స్పెక్టర్ కొన్నింటిని పట్టుకున్నారు, కొన్ని అప్పటికే అమ్ముడైపోయాయి.

ఫలితం

బ్యాచ్ ఆపిన రోజు నుంచి మా దగ్గర కొత్త కేసు రాలేదు. ఐదుగురు కోలుకున్నారు. తెనాలి ఆవిడ ఒక్క రాత్రి ఉండి వెళ్లాల్సింది, రెండు వారాలకు పైగా ఉండిపోయింది. నరసరావుపేట రైతును కాపాడుకోలేకపోయాం. ఆయనకు షుగర్ ఉంది, కిడ్నీలు ముందే కొంత దెబ్బతిని ఉన్నాయి, సెప్సిస్‌తో పూర్తిగా ఆగిపోయాయి. మరణానికి ఈ ఇన్‌ఫెక్షన్ ఒక్కటే కారణమని నేను రాయలేను. తుంటి ఆపరేషన్ తర్వాత ఆయన బాగానే కోలుకుంటున్నాడని మాత్రం రాయగలను. వాంతులే లేని మనిషికి, అలవాటు ప్రకారం పూటపూటా వేసిన ఇంజెక్షన్ అది. అవసరం లేని ఇంజెక్షన్ ఎందుకని అడిగేవాళ్లం వార్డులో ఇంకా ఎక్కువమంది ఉండాలి.

ఇలాంటివి కొత్త కాదు. 1970-71లో అమెరికాలో సెలైన్ సీసాల మూతల ద్వారా ఇన్‌ఫెక్షన్ అనేక రాష్ట్రాల ఆసుపత్రులకు పాకింది. 1972లో ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్ట్‌లో, ఆటోక్లేవ్ కింది అరలో సరిగ్గా వేడెక్కని డెక్స్‌ట్రోజ్ సీసాల వల్ల ఐదుగురు చనిపోయారు. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో కలుషిత గ్లిజరాల్ 14 మందిని బలి తీసుకుంటే లెంటిన్ కమిషన్ విచారించింది. మన పక్కనే బళ్లారిలో 2024 నవంబరులో సిజేరియన్ అయిన తల్లులు వరసగా చనిపోయినప్పుడు అనుమానం రింగర్ లాక్టేట్ అనే సెలైన్ మీదకు వెళ్లింది. ప్రతిచోటా ఎవరో ఒకరు ఇద్దరు ముగ్గురు పేషెంట్లను పక్కపక్కన పెట్టి చూశారు కాబట్టే విషయం బయటికొచ్చింది.

ఇప్పుడు మా ఆసుపత్రిలో ఇంజెక్షన్ చార్టులో బ్యాచ్ నంబర్‌కు ఒక గడి ఉంది. రాయడానికి టైమ్ లేదని సిస్టర్లు అన్నప్పుడు వాళ్లు చెప్పింది నిజమే. ఒక్కొక్కరు ఎంతమంది పేషెంట్లను చూస్తున్నారో నాకు తెలుసు. అందుకని పెట్టె మీది లేబుల్ చించి చార్టుకు అంటించే ఏర్పాటు చేశాం. వణుకు వస్తే సెలైన్ సీసా, సెట్, ఖాళీ ఆంప్యూళ్లు పారేయకుండా కవర్లో పెట్టి ల్యాబ్‌కు పంపాలి, ముందు కల్చర్ తీయాలి. అనుమానం వచ్చిన బ్యాచ్ స్టోర్స్‌లోనే తాళం కింద ఉంటుంది, వాపసు వెళ్లదు.

పేషెంట్ మనుషులకు నేను చెప్పేది కొంచెమే. మందుల బిల్లు తప్పకుండా తీసుకోండి, డిశ్చార్జి అయ్యాక కూడా కొన్ని నెలలు పారేయకండి. ఇంజెక్షన్ తర్వాత వణుకు వస్తే సమయం రాసుకోండి, ఆ సీసానూ ఆంప్యూళ్లనూ దాచమని అడగండి. మందు వల్ల ఇబ్బంది అయిందనిపిస్తే 1800-180-3024 నంబరుకు ఎవరైనా ఫోన్ చేసి చెప్పవచ్చు, అది మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ వారి టోల్‌ఫ్రీ లైను. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సెక్షన్ 26 ప్రకారం, కొన్న మందును ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకునే హక్కు మామూలు మనిషికి కూడా ఉంది.

ఆరోగ్యశ్రీ పేషెంట్లది ఇంకా తేలని సమస్య. వాళ్లకు బిల్లు రాదు కాబట్టి చేతిలో బ్యాచ్ నంబర్ ఉన్న కాగితమే ఉండదు. మా ఆరుగురిలో ఆ ఇద్దరి బ్యాచ్ పట్టుకోవడానికే ఎక్కువ కష్టపడ్డాం. డిశ్చార్జి సమ్మరీ వెనక వాళ్లకు ఎక్కించిన ఇంజెక్షన్ల బ్యాచ్‌లన్నీ ప్రింట్ చేసి ఇవ్వాలి. ఫార్మసీ సాఫ్ట్‌వేర్‌లో ఆ వివరాలు ఇప్పటికే ఉన్నాయి. మా ఆసుపత్రిలో దీన్ని మొదలుపెట్టమని రాతపూర్వకంగా అడిగాను, గుంటూరు, విజయవాడల్లోని మిగతా ఆసుపత్రుల ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ డాక్టర్లు కూడా తమ యాజమాన్యాలను అడగాలని కోరుతున్నాను.